జొన్నలమిట్ట చర్చిలో మూడో టేకు

ప్రేమ దొరకాలంటే మనిషి సొంత ఊరు విడిచి బయటికి పోవాలని డైరెక్టరుగారు సెలవిచ్చినప్పుడు కృపమణి నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆమె ఏదో ఒకటి అనేది, ఆ రోజే పనిలోంచి తీసేసేవారు.

ఆమె హీరోయిన్ రవికె బిగిస్తోంది. ఆ పిల్ల తిండి తినదు, రోజురోజుకీ చిక్కిపోతుంది, రవికె మాత్రం మొదటిరోజు ఎలా ఉందో చివరిరోజూ అలాగే అతికినట్టు ఉండాలి. హైదరాబాదు నుంచి వెంట తెచ్చుకున్న టైలరు కోయిలకుంట్ల నీళ్ళు పడక వాంతులు చేసుకుని బస్సెక్కి పోతే, సినిమా మేనేజరు ఆ ఊళ్ళోనే కేశవయ్య నడిపే బట్టల అంగడికి వచ్చి, వసారాలో మిషన్ తొక్కుతున్న కృపమణిని పంపమని అడిగి తీసుకుపోయాడు. అడిగింది కూడా కేశవయ్యనే. ఆమెను కాదు.

కృపమణికి ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. జొన్నలమిట్టలో ఉపదేశి యేసుప్రసాద్‌గారికి ఒక్కగానొక్క కూతురు ఆమె. పాస్టరుగారు నెలకోసారి మాత్రమే వచ్చే పల్లెల్లో మిగతా ఆదివారాలు చర్చి నడిపే మనిషిని ఉపదేశి అంటారు. తల్లి చిన్నప్పుడే పోయింది. ముప్పై దాటి కొన్నేళ్ళయింది. పొద్దున ఆటో ఎక్కి కోయిలకుంట్ల పోవడం, సాయంత్రం అదే ఆటోలో తిరిగి రావడం, అటూ ఇటూ నల్లరేగడి శనగచేలు చూడడం తప్ప ఆమె చేసిన ప్రయాణాలు పెద్దగా లేవు. పెళ్ళిచూపులకు మాత్రం చాలామందే వచ్చారు. ఒకడు మిషన్ అమ్మేయాలన్నాడు, ఒకడు తండ్రిని ఆయన తమ్ముళ్ళ దగ్గర వదిలేసి రావాలన్నాడు, ఇంకొకడు వాళ్ళ మేనమామ చేత మాట్లాడించి తను గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడూ యేసుప్రసాద్‌గారిని అడిగాడే గాని, “ఏమమ్మా, నేను నీకు ఇష్టమేనా?” అని ఆమెను అడిగిన పాపాన పోలేదు. నన్నడిగేవాడు వచ్చేదాకా చేసుకోనని ఆమె తండ్రితో తెగేసి చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఊరు మాత్రం ఊరుకుంటుందా? మణికి పొగరని తేల్చేసింది.

ఇక ఆ సినిమా. విశాఖపట్నం పిల్లకు ఈ వైపు బ్యాంకులో ఉద్యోగం వస్తుంది. ఎండను తిట్టుకుంటుంది, నీళ్ళను తిట్టుకుంటుంది, కారాన్ని తిట్టుకుంటుంది, ఆఖరికి వీటన్నిటితోపాటు ఇక్కడి కుర్రాణ్ణి ఒకణ్ణి ఇష్టపడుతుంది. నవ్వుల సినిమా అట. మండిపోయే ఎండ గురించిన సినిమాను వీళ్ళు క్రిస్మస్ చలిలో వచ్చి తీశారు. ఎండాకాలంలో వస్తే తట్టుకోలేరు గదా. హీరోయిన్ మొహాన నీళ్ళు చల్లి చెమట అనేవారు, ఆ పిల్ల వణికిపోతూ విసనకర్ర విసురుకునేది. చూసి నవ్వాలో ఏడవాలో కృపమణికి తెలిసేది కాదు. పైగా డైరెక్టరుగారు మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి, “ఊరు దాటితేనే ప్రేమ” అంటాడు. అంటే కోయిలకుంట్ల దాటని వాళ్ళ గతేమిటో మాత్రం చెప్పడు.

ఆ యూనిట్లో లైట్లవాడు ఒకడుండేవాడు, దావీదురాజు. కమలాపురం మనిషి. కుర్రతనం నుంచే సినిమావాళ్ళ వెంట ఊళ్ళు పట్టి తిరుగుతున్నాడు. పగటిపూట అతని పని, తలుపంత వెండిరంగు అట్టను ఎండలో పట్టుకుని, దానిమీద పడ్డ వెలుగును తిప్పి హీరోయిన్ మొహంమీద వేయడం. గంటలు గంటలు కదలకుండా నిలబడాలి. వెలుగు ఎక్కువైనచోట అడ్డం పెట్టడానికి నల్లగుడ్డలుంటాయి. అవి చినిగాయని అతను కృపమణి దగ్గరికి తెచ్చేవాడు. మొదటిసారి నిజంగానే చినిగింది. తర్వాత్తర్వాత అవి రోజూ చినగడం మొదలుపెట్టాయి.

“ఏమప్పా, నిన్ననే గదా దీన్ని కుట్టిచ్చింటి. మళ్ళ యాడ చినిగె?” అని ఆమె ఒకరోజు నిలదీసింది.

“మేకు తగిలిండాది మేడం.”

“మేకు కత్తెర మాదిరి నిట్టనిలువుగా కోసిండాదే. శానా తెలివైన మేకప్పా అది. మేడమంట, మేడం. నాకు పేరుండాది.”

అతను నేలచూపులు చూస్తూ నవ్వాడు గాని వెళ్ళిపోలేదు. గుడ్డ కుట్టినంతసేపూ ఎదురుగా గోనెసంచి మీద కూర్చున్నాడు. మర్నాడూ అంతే. తిరిగిన ఊళ్ళ కబుర్లు చెప్పేవాడు. మరి మీ కమలాపురం ఎట్లుంటాదని ఆమె అడిగితే కాసేపు ఆలోచించి, సంగటి తిన్నప్పుడు తప్ప గుర్తు రావడం మానేసిందన్నాడు. ఆ మాట కృపమణికి ఎక్కడో తగిలింది. మర్నాటి నుంచి ఆమె టిఫిన్ డబ్బాలో రెండు ముద్దల సంగటి, ఊరుబిండి పచ్చడి ఎక్కువగా ఉండేవి. తండ్రి గమనించాడు.

ఇప్పుడు అడుగుతాడు, రేపు అడుగుతాడు అని ఆమె ఎదురుచూసింది. అతను అడిగితే ఏం చెప్పాలో కూడా మిషన్ తొక్కుతూ అనుకుని పెట్టుకుంది. ఆ మహానుభావుడు గుడ్డలు చింపుకు రావడమే గాని నోరు తెరిచి ఆ ఒక్క మాట అడగడు. పదిమంది మొహాలమీద వెలుగు వేసేవాడికి తన ఎదురుగా ఉన్నది కనబడదా? ఆమెకు విసుగొచ్చింది. విసుగొచ్చిందంటే ఇష్టం లేదని కాదు. ఇష్టం ఉండబట్టే విసుగు.

ఇలా ఉండగా డైరెక్టరుగారికి చర్చి సీను కావలసి వచ్చింది. మా ప్రాంతపు చర్చిల్లో పెళ్ళి కుదిరితే, చేసుకోబోయే ఇద్దరి పేర్లు మూడు ఆదివారాలు వేదిక మీంచి చదువుతారు. వీళ్ళ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని అడుగుతారు. దాన్ని ప్రకటన అంటారు. మూడు ప్రకటనలూ అయి, ఎవరూ నోరెత్తకపోతే పెళ్ళి ఖాయమైనట్టే. సినిమాలో ఎవరో ఇద్దరి ప్రకటన చదువుతుంటే హీరో, హీరోయిన్ చెరోవైపు కూర్చుని దొంగచూపులు చూసుకోవాలట. చదవడానికి వేషగాడు ఎందుకు, అసలు ఉపదేశిగారే ఉన్నారుగా అన్నాడు డైరెక్టరు.

యేసుప్రసాద్‌గారు ఒప్పుకున్నారు గాని, ఏ పేర్లు చదవాలని అడిగారు. నోటికొచ్చినవి చదవండి, ఎలాగూ దానిమీద సంగీతం పడుతుంది, ఎవరికీ వినబడవన్నాడు డైరెక్టరు. ముసలాయనకు ముచ్చెమటలు పట్టాయి. ఆ వేదికమీద నిలబడి లేని మనుషుల పేర్లు ఎలా చెప్పడం? నలభై ఏళ్ళుగా అక్కడ నిలబడి అబద్ధమాడని మనిషి. చదివే పేర్లు నిజమైన మనుషులవి కావాలి. వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు కావాలి. ఇద్దరూ పెళ్ళి కానివాళ్ళు కావాలి. చూస్తే ఊళ్ళో ఈడొచ్చిన వాళ్ళందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి, కానివాళ్ళు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నారు. చర్చిలో కళ్ళెదుట ఉన్న ఒకే ఒక్క పెళ్ళికాని ఆడది ఆయన కూతురు. కిటికీ అవతల ఎండలో వెండి అట్ట పట్టుకుని నిలబడ్డవాడు కమలాపురం సంఘపు మనిషి, బ్రహ్మచారి. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చర్చి నిండా ఊరివాళ్ళే. భోజనం పెడతారని, తెరమీద కనబడతామని పండగ బట్టలు కట్టుకుని వచ్చారు. ముందు బల్లమీద సువార్తవ్వ కూర్చుంది. ఊళ్ళో అందరికన్నా పెద్దది, అందరికన్నా గొంతుగలది. కృపమణి ఒక మూల, రవికె ఎక్కడ వదులైతే అక్కడ సూది గుచ్చడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

సైలెన్స్ అని కేక పడింది. యేసుప్రసాద్‌గారు గొంతు సవరించుకుని, జొన్నలమిట్ట సంఘానికి చెందిన కృపమణి, కమలాపురం సంఘానికి చెందిన దావీదురాజు పరిశుద్ధ వివాహం చేసుకోదలచారనీ, అభ్యంతరమున్నవాళ్ళు చెప్పవచ్చనీ, ఇది మొదటి ప్రకటన అనీ చదివారు.

“నాయనా, ఇదేం పని?” అంటూ కృపమణి లేచి నిలబడింది.

డైరెక్టరు కట్ అని నెత్తి కొట్టుకున్నాడు. ఈ సీనులో ఎవరూ అభ్యంతరం చెప్పరమ్మా, కూర్చోండి అని చేతులు జోడించాడు. ఇంతలో హీరోయిన్ రవికె వీపు దగ్గర ఊడింది. కృపమణి నోట్లో గుప్పెడు గుండుసూదులు పెట్టుకుని ఆ పని చూస్తుండగానే రెండో టేకు మొదలైపోయింది. తండ్రి మళ్ళీ అవే పేర్లు చదివి, ఇది రెండో ప్రకటన అన్నాడు. నోటినిండా సూదులుంటే ఏమని మాట్లాడుతుంది? గుడ్లురిమి చూసింది. సరిగ్గా అప్పుడే బయట ఎవరిదో గొర్రెల మంద అరిచింది, ఆ టేకూ పోయింది.

మూడోసారి ఆమె నోట్లో సూదులు లేవు. అన్నీ రవికెలోకి వెళ్ళిపోయాయి. లేచి ఆపుదామనే అనుకుంది. తండ్రి తన పేరు చదివాడు, దాని పక్కనే అతని పేరు చదివాడు. ఆ రెండు పేర్లూ అలా ఒకదాని వెంట ఒకటి ఆ గోడల మధ్య వినబడితే కృపమణికి ఇంకొక్క క్షణం విందామనిపించింది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని తండ్రి అడిగాడు. ఎక్కడినుంచో వెలుగొచ్చి కళ్ళలో పడింది. ఆమె కదలలేదు. ఇది మూడో ప్రకటన అన్నాడాయన. డైరెక్టరు ఓకే అన్నాడు.

డైరెక్టరుకు అది ఓకే అయితే, సువార్తవ్వకు అది పెళ్ళి. మూడు ప్రకటనలూ అయ్యాయి, ఒక్కరూ కాదనలేదు. మొదటిసారి పిల్ల లేచిందిగాని ఇదేం పని అంది తప్ప అభ్యంతరమనలేదు. అవ్వ అక్కడికక్కడే కొంగున కట్టుకున్న బెల్లంముక్క తీసి కృపమణి నోట్లో కుక్కింది. ఇదంతా సినిమా అవ్వా అని చెప్పబోతే బెల్లం అడ్డం. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

అంతటితో పోలేదు. మూడో ప్రకటన అయినాక పెళ్ళికూతురు తాళి పడేదాకా పొలిమేర దాటకూడదని జొన్నలమిట్టలో ఆనవాయితీ. మర్నాడు పొద్దున ఊరి చివర కల్వర్టు మీద సువార్తవ్వ కర్ర అడ్డంపెట్టుకుని కూర్చుంది. ఆటో ఆగింది. ఆటో వెనక యూనిట్ వ్యాన్ కూడా ఆగింది. అది కృపమణి చూసుకోలేదు. అవ్వతో మొదట మామూలుగా చెప్పింది, తర్వాత బతిమాలింది. కేశవయ్య అంగడిలో ఎవరివో పెళ్ళి రవికెలు సాయంత్రానికి ఇవ్వాలని మొత్తుకుంది. ముందు నీ పెళ్ళి సంగతి చూసుకోమంది అవ్వ. ఆటోలో వాళ్ళు కిసకిసలాడారు. కృపమణికి రాత్రంతా అణచుకున్నది ఒక్కసారిగా పైకొచ్చింది.

“నాకు పెండ్లీ లేదు, ఏమీ లేదు. ఆయప్పెవరో, యాడోడో నాకేం తెలుసు? ఊరంతా కలిసి నా నెత్తిన రుద్దితే చేసుకోవల్లనా?”

అరిచి, ఆటో దిగి, చేలో పడి నడుద్దామని వెనక్కి తిరిగేసరికి వ్యాన్ కిటికీలో దావీదురాజు మొహం కనబడింది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రోజే యూనిట్ బనగానపల్లెకు సర్దుకుంది. పూతమీదున్న మామిడితోటల్లో పాట తీయాలట. చేలకు అడ్డంపడి అంగడికి చేరిన కృపమణి, అతను పోతూ పోతూ అక్కడికి వస్తాడేమోనని చూసింది. అతని నల్లగుడ్డ ఒకటి, కుట్టడం అయిపోయింది, మడతపెట్టి మిషన్ కింద ఉంది. దానికోసమైనా రావాలిగా? రాలేదు. తను అన్న మాట తప్పే, ఒప్పుకుంది. కానీ అతనికి నోరు లేదా? అలా ఎందుకన్నావని వచ్చి పోట్లాడితే ఏం పోయింది? ఆమెకు డైరెక్టరుమీద కోపమొచ్చింది, అవ్వమీద కోపమొచ్చింది, అందరికన్నా తండ్రిమీద కోపమొచ్చింది.

పెళ్ళికొడుకే ఊరు విడిచిపోయాక సువార్తవ్వ కల్వర్టు మీంచి కర్ర తీసేసింది గాని, కృపమణి కొన్నాళ్ళు తండ్రితో మాట్లాడలేదు. ఆఖరికి ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ, అంతమందిలో ఆ మనిషి పేరే ఎందుకు చదివావని అడిగేసింది.

యేసుప్రసాద్‌గారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. “అబద్ధం చెప్పకూడదని చదివినా మణీ,” అన్నాడు. “నువ్వు వద్దంటే ఆపుదామని మూడుసార్లూ నీ పక్కే చూసినా. మూడోసారి నీ నోట్లో సూదులు లేవు గదమ్మా.”

ఆమె లోపలికి పోయి, తండ్రికి కనబడకుండా ఏడ్చింది. తన మనసు ఈ ముసలాయనకు తెలిసింది, తెలియాల్సిన వాడికే తెలియలేదు. అతను ఆ రోజు కిటికీ బయట, అట్ట వెనక ఉన్నాడు. ఆమె లేచి గొడవ చేసింది విన్నాడు. కల్వర్టు దగ్గర అరిచింది విన్నాడు. ఆమె ఊరుకున్నది మాత్రం వినబడేది కాదుగా. తనే కబురు చేయవచ్చు. ఫోను నంబరు మేనేజరు దగ్గర దొరుకుతుంది. కానీ అడిగేవాడు వస్తేనే అని ఇన్నేళ్ళు పట్టుబట్టి కూర్చున్న మనిషి ఇప్పుడు తనే ఎలా అడుగుతుంది? ఈ పంతం ఒకటి. తనమీద తనకే విసుగొచ్చింది.

శనగలు నూర్చడం అయింది. బనగానపల్లె మామిళ్ళు వచ్చాయి, అయిపోయాయి. వానలు పడ్డాక సినిమా కోయిలకుంట్లకు వచ్చింది. జొన్నలమిట్ట మొత్తం ట్రాక్టర్లెక్కి మధ్యాహ్నం ఆటకు బయల్దేరింది. సువార్తవ్వ మొదటి ట్రాక్టరులో కూర్చుంది. రానంటే ఇంకేదో అంటారని కృపమణి కూడా వెళ్ళింది. ఆట మొదలైన కాసేపటికే ఎందుకొచ్చానా అనుకుంది. నీళ్ళు చల్లిన చెమట అచ్చం నీళ్ళు చల్లినట్టే ఉంది.

చర్చి సీను వచ్చింది. వేదికమీద యేసుప్రసాద్‌గారు పెదాలు కదిలిస్తున్నారు, వీణ మోగుతోంది, హీరోయిన్ దొంగచూపు చూస్తోంది. అంతలో వెలుగు కొంచెం ఊగింది. హీరోయిన్ మొహంమీంచి జారి, వెనక మూలకు పోయి, అక్కడ కూర్చున్న కృపమణి మొహాన పడింది. తన మొహం తనకే ఇంత పెద్దగా కనబడితే ఆమె కుర్చీలో ముడుచుకుపోయింది. నోట్లో సూదులు లేవు. లేచి నిలబడలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. పెదవులమీద నవ్వులాంటిది ఏదో ఉంది. దాన్ని దాచుకోవాలన్న తెలివి కూడా లేదు. వెలుగు మళ్ళీ హీరోయిన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

“చూస్తిరా? ఏమన్నా కాదనిందా?” అని చీకట్లో సువార్తవ్వ గొంతు హాలంతా వినబడింది.

ఈ డైరెక్టరుకు వేసుకోవడానికి ఇంకో టేకే దొరకలేదా అని కృపమణి పళ్ళు నూరుకుంది. ఇంటర్వెల్ కాకముందే బయటికొచ్చి నేరుగా అంగడికి పోయి మిషన్ ముందు కూర్చుంది. ఊరివాళ్ళు చూసింది చాలదన్నట్టు, ఈ సినిమా ఆడే ప్రతి ఊళ్ళోనూ తన మొహం అలా కనబడుతుంది. ఆ ఊళ్ళలో కమలాపురం కూడా ఉండొచ్చన్న ఆలోచన అప్పటికి ఆమెకు రాలేదు.

రెండురోజులు పోయాక, మధ్యాహ్నం బేరాలు పలచబడ్డ వేళ, ఆమె ఎవరిదో రవికెకు సూదులు గుచ్చుతుంటే వసారా మెట్టుమీద నీడ పడింది. తలెత్తి చూస్తే దావీదురాజు. చేతిలో సంచి, మొహాన బస్సు దుమ్ము.

“నా గుడ్డ ఒకటి ఈడ ఉండిపాయె,” అన్నాడు.

ఇంతదూరం గుడ్డ కోసం వచ్చాడా? కృపమణి మిషన్ కిందినుంచి దాన్ని లాగి అతని మీదికి విసిరింది. నోట్లో సూదులున్నాయి, తిట్టడానికి లేదు. అతను ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, మడత మీద మడత పెట్టి, మళ్ళీ విప్పాడు. లోపల కేశవయ్య గుడ్డ కొలవడం ఆపి వింటున్నాడు.

“నేను పట్టిన వెలుగు ఎట్లొచ్చిండాదో చూసుకునేది నాకలవాటు,” అన్నాడు చివరికి. “ఆ పొద్దు మూడో టేకులో నా చెయ్యి అదిరె. నువ్వు మళ్ళ కాదంటావేమోనని భయపడితి. వెలుగు పక్కకు పాయెనని తెలుసు. యాడ పడిందో నిన్న మా ఊరి టాకీసులో చూసినా.” అతను గుడ్డను వదిలేశాడు. “కృపమణీ, నన్ను చేసుకుంటావా? మీ నాయనను అడగలేదు. నిన్నే అడుగుతాండా.”

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. విని సంతోషపడాలంటే ముందు నోట్లోంచి సూదులు తీయాలి. ఆమె ఒక్కొక్కటే తీసి మిషన్ పక్కనున్న చిన్న దిండుకు గుచ్చింది. తొందరేమీ పడలేదు. ఇన్ని నెలలు ఆగినవాడు ఇంకాస్త ఆగితే ఏమీ కాదు. అతను ఆ సూదుల వంకే చూస్తూ నిలబడ్డాడు. చివరిది కూడా గుచ్చాక ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఆ పొద్దూ నాకు అభ్యంతరం లేదు, ఈ పొద్దూ లేదు,” అంది. “ఇంగొకసారి చెప్పించుకోవద్దు. మా నాయన మళ్ళ మొదటి ప్రకటన నుంచి చదవల్లంటాడు, కూర్చో, సాయంత్రం ఆటోకు పోదాం.”